డిశ్చార్జి బుక్కులో చేరని పతకం: అడగాల్సింది తేదీని

సైన్యం నుంచి విరమించుకునే జవానుకు చిన్న పుస్తకం ఒకటి చేతికిస్తారు. డిశ్చార్జి బుక్ అంటారు. సికింద్రాబాద్‌లో తిరుమలగిరి, బొల్లారం, అల్వాల్, సైనిక్‌పురి వైపు ఏ మాజీ సైనికుడి ఇంట్లో బీరువా తెరిచినా, పెన్షన్ కాగితాలతో పాటు ప్లాస్టిక్ సంచిలో చుట్టిపెట్టిన ఆ పుస్తకం కనిపిస్తుంది. నంబరు, హోదా, పేరు, సైన్యంలో చేరిన తేదీ, వదిలిన తేదీ, నడవడిక ఎలాంటిదన్న ఒక మాట అందులో ఉంటాయి. క్యాంటీన్ కార్డుకని, వైద్యం కార్డుకని, పిల్లల కాలేజీ సీటుకని ఆ పేజీలను లెక్కలేనన్ని సార్లు జిరాక్స్ తీయిస్తారు. పతకాల గడిని మాత్రం దాదాపు ఎవరూ చదవరు. ఏ ఆగస్టు 15కో ఊళ్లో బడివాళ్లు జెండా ఎగరేయమని పిలిస్తే, కోటుకు రిబ్బన్లు కుట్టించుకుందామని పుస్తకం తీసినప్పుడు సంగతి బయటపడుతుంది. ఇరవై నాలుగేళ్ల సర్వీసుకు ఆ గడిలో ఉన్నవి రెండే పేర్లు. మంచుకొండల మీద గడిపిన ఏడాది, సముద్రం దాటి వెళ్లిన ఏడాదిన్నర ఆ గడికి ఎక్కనే లేదు.

ఇలాంటప్పుడు మొదట పుట్టేది కోపం, ఆ కోపంలోంచి అర్జీ. ‘దేశం కోసం ప్రాణాలకు తెగించి సేవ చేసిన నన్ను మరిచారు’ అని రెండు పేజీల అర్జీ తయారవుతుంది. అందులో అబద్ధం ఏమీ ఉండదు. కానీ దాన్ని అందుకున్న గుమాస్తా చేయగలిగింది కూడా ఏమీ ఉండదు. ఎందుకంటే ఈ పతకాలు త్యాగాన్ని కొలిచి ఇచ్చేవి కావు.

సైన్యంలో పతకాలు ప్రధానంగా రెండు తోవల్లో వస్తాయి. పరమవీరచక్ర, వీరచక్ర, సేనా మెడల్ వంటి సాహస పతకాలకు ఆ పనిని చూసినవాళ్లు ఉండాలి, పై అధికారి సిఫారసు రాయాలి, పైస్థాయి కమిటీలు ఒప్పుకోవాలి. యాభై ఏళ్ల తర్వాత అలాంటిది కావాలని అడగడం దాదాపు గోడకు చెప్పుకున్నట్టే. రెండో రకం సేవా పతకాలు. వీటికి సిఫారసు అక్కర్లేదు. ఫలానా తేదీల మధ్య, ఫలానా ప్రాంతంలో, ఫలానా యూనిట్ సిబ్బంది జాబితాలో పేరుంటే అర్హత వచ్చేసినట్టే. అది ఎవరి దయా కాదు, లెక్క. రికార్డులో లేని పతకం గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఈ రెండో రకమే. కాబట్టి అర్జీలో ఉండాల్సింది తేదీ, చోటు, యూనిట్ పేరు. మిగతాదంతా అర్జీ బరువును పెంచుతుందే తప్ప బలాన్ని పెంచదు.

ఈ సేవా పతకాల్లోనూ తేడాలున్నాయి. కొన్నింటికి క్యాలెండర్ చాలు. 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవారికి స్వాతంత్ర్య రజతోత్సవ పతకం, 1997 ఆగస్టు 15న ఉన్నవారికి స్వర్ణోత్సవ పతకం దక్కాయి. తొమ్మిదేళ్లు, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు నిండినవారికి దీర్ఘకాల సేవా పతకాలున్నాయి. 1971 యుద్ధానికి సంబంధించిన సంగ్రామ్ మెడల్ కూడా ఇంచుమించు ఈ కోవలోదే. 1971 డిసెంబరు 3 నుంచి 1972 డిసెంబరు 20 వరకు సైన్యం సిబ్బందిలో ఉన్నవారి కోసం పెట్టినది. 1968 జూన్‌లో సైన్యం వాహనాలు, యంత్రాలు మరమ్మతు చేసే ఈఎంఈ కోర్‌లో చేరి 1992 జూన్‌లో ఇంటికి వచ్చిన ఒక హవల్దార్‌ను ఊహించుకుంటే, ఆయన ఎక్కడ పనిచేశాడన్నది పక్కన పెట్టినా నాలుగు పతకాలు లెక్కకు వస్తాయి: సంగ్రామ్, రజతోత్సవం, తొమ్మిదేళ్లది, ఇరవై ఏళ్లది. డిశ్చార్జి బుక్ మొదటి పేజీలోని రెండు తేదీలే వాటికి సాక్ష్యం. పతకాల గడిలో ఈ నాలుగూ లేకపోతే, ఆ పుస్తకం తన మొదటి పేజీనే చదువుకోలేదన్నమాట. దిద్దించడానికి అన్నిటికంటే సులువైనవి ఇవి. విచిత్రంగా, జనం వీటిని పట్టించుకోరు. అందరికీ ఇచ్చినవే కదా అని తేలిక.

చోటును బట్టి వచ్చే పతకాల దగ్గరే అసలు చిక్కు. 1965 నుంచి జరిగిన యుద్ధాలకు స్టార్, మెడల్ అని రెండు రకాల పతకాలు పెట్టారు. 1965కు సమర్ సేవా స్టార్, రక్షా మెడల్. 1971కి తూర్పు రంగంలో పూర్వీ స్టార్, పడమటి రంగంలో పశ్చిమీ స్టార్, అందరికీ వర్తించే సంగ్రామ్ మెడల్. 1999 కార్గిల్‌కు ఓపీ విజయ్ స్టార్, ఓపీ విజయ్ మెడల్. స్టార్ పోరు జరిగిన ప్రాంతంలో ఉన్నవారిది, మెడల్ అంతకంటే విశాలమైన వలయంలోనిది. చాలా డిశ్చార్జి బుక్కుల్లో మెడల్ ఉంటుంది, స్టార్ ఉండదు. యుద్ధకాలంలో సైన్యంలో ఉన్నాడని చూపడానికి జీతాల జాబితా సరిపోతుంది. ఆ రోజుల్లో సరిగ్గా ఎక్కడ ఉన్నాడో చూపడానికి యూనిట్ పెట్టిన కాగితం కావాలి. ఆ కాగితమే దారిలో తప్పిపోతుంది.

ఎలా తప్పిపోతుందో తెలియాలంటే సైన్యంలో రాతకోతల తీరు కొంచెం తెలియాలి. జవాను జీవితంలో జరిగే ప్రతి మార్పునూ అతని యూనిట్ ‘పార్ట్ టూ ఆర్డర్’ అనే పేరుతో ప్రచురిస్తుంది. పెళ్లి, పిల్లలు, పదోన్నతి, బదిలీ, సెలవు, గాయం, పతకం, ఏదైనా సరే. ఆ ఆర్డర్, జవాన్ల సర్వీసు కాగితాలు దాచే రికార్డ్స్ ఆఫీసుకు చేరితే అక్కడి గుమాస్తా అతని షీట్ రోల్‌లో ఎక్కిస్తాడు. షీట్ రోల్ అంటే జవాను సర్వీసు మొత్తానికి మూలపత్రం. డిశ్చార్జి బుక్‌లోని వివరాలు అందులోంచి దిగేవే. అంటే పార్ట్ టూ ఆర్డర్ వెలువడకపోతే ఆ సంగతి కాగితం మీద జరగనట్టే.

ఇప్పుడు పతకం సంగతి చూద్దాం. యుద్ధం ముగిసిన రోజునే పతకం పుట్టదు. ప్రభుత్వం పతకాన్ని ఏర్పాటు చేసి, అర్హతలు ప్రకటించి, అవి యూనిట్‌కు చేరి, యూనిట్‌లో హెడ్ క్లర్క్ అర్హుల జాబితా తయారుచేసేసరికి కాలం గడిచిపోతుంది. ఈలోగా జవాను మరో చోటికి బదిలీ అయ్యుంటాడు. పాత యూనిట్ అతను వెళ్లిపోయాడు కదా, కొత్తవాళ్లు రాసుకుంటారనుకుంటుంది. కొత్త యూనిట్ ఆ యుద్ధంలో లేదు, దాని దగ్గర ఆ జాబితా తయారుచేసే ఆధారమే లేదు. ఇద్దరూ తప్పు చేయలేదు. మధ్యలో ఒక మనిషి పేరు జారిపోయింది, అంతే.

ఇలా జారిపోయేవాళ్లలో తుపాకీ పట్టే పటాలాలవాళ్ల కంటే వాటికి అతికించిన చిన్న బృందాలవాళ్లు ఎక్కువగా ఉండటంలో వింతేమీ లేదు. పదాతి దళంతో పాటు వెళ్లిన మెకానిక్, వైర్‌లెస్ ఆపరేటర్, నర్సింగ్ అసిస్టెంట్, వంటవాడు, డ్రైవర్ ఇలాంటివాళ్లు. తింటున్నది ఒక పటాలం వంటశాలలో, పేరున్నది ఇంకో యూనిట్ రోల్‌లో. హైదరాబాద్ ఇరుగుపొరుగుల్లో ఈ రకం మాజీ సైనికులు బాగా కనిపిస్తారు. ఈఎంఈ, ఆయుధ సామగ్రి చూసే ఏఓసీ కోర్‌ల కేంద్రాలు సికింద్రాబాద్‌లో ఉండటం వల్ల, అక్కడ పనిచేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవారు ఎక్కువ.

ఈ ఊరికి మరో ప్రత్యేకత కూడా ఉంది. 1987 జులై 29న భారత్-శ్రీలంక ఒప్పందం కుదరగానే జాఫ్నాకు వెళ్లిన శాంతి పరిరక్షక దళంలో ముందుండినది సికింద్రాబాద్‌లో స్థావరం ఉన్న 54వ పదాతి డివిజనే. 1990 మార్చి 24న చివరి దళాలు తిరిగొచ్చే దాకా అటూ ఇటూ మారుతూ లెక్కలేనంతమంది అక్కడ పనిచేశారు. వారికి స్పెషల్ సర్వీస్ మెడల్, దాని రిబ్బన్ మీద శ్రీలంక పేరున్న క్లాస్ప్ వర్తిస్తాయి. యూనిట్ మొత్తం ఒకేసారి వెళ్లి ఒకేసారి వచ్చిన చోట జాబితాలు సజావుగా సాగాయి. మధ్యలో వెళ్లి చేరినవారు, గాయపడి ఆసుపత్రి మీదుగా వెనక్కి వచ్చి వేరే చోటికి బదిలీ అయినవారు, తాత్కాలికంగా అప్పుతెచ్చుకున్న సిబ్బంది దగ్గరే తేడాలు వస్తాయి.

క్లాస్ప్ అన్న మాట వచ్చింది కాబట్టి ఒక అపోహ. రిబ్బన్ మీద అడ్డంగా ఉండే సన్నటి లోహపు పట్టీ అది. కష్టమైన ప్రాంతాల్లో సేవకు ఇచ్చే సైన్య సేవా మెడల్ మనిషికి ఒక్కటే. జమ్మూ కశ్మీర్, నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్), హిమాలయ, బెంగాల్-అస్సాం, అండమాన్ నికోబార్, మరుస్థల్ (ఎడారి) అన్నవి దాని క్లాస్పులు. రెండు చోట్ల పనిచేసినవారికి రెండో పతకం రాదు, రెండో పట్టీ వస్తుంది. ‘నా మరుస్థల్ మెడల్ రాలేదు’ అని రాసిన అర్జీ ‘సైన్య సేవా మెడల్ ఇప్పటికే నమోదై ఉంది’ అన్న జవాబుతో తిరిగొస్తుంది. ఇద్దరూ నిజమే చెప్పారు, పని మాత్రం జరగలేదు. ‘నమోదైన మెడల్‌కు ఫలానా క్లాస్ప్ చేర్చండి’ అని రాసి ఉంటే సరిపోయేది.

పేర్ల గొడవ తెలుగువారికి ప్రత్యేకంగా రాసిపెట్టి ఉంది. ఇంటిపేరు ముందుండే మన పద్ధతి, పేరు ముందుండే సైన్యం ఫారం ఎప్పుడూ పొసగలేదు. భర్తీ అయిన రోజున హిందీ మాట్లాడే గుమాస్తా చెవికి వినిపించిందే పేరయింది. వెంకట రామయ్య ఒక చోట వెంకట్ రామ్, ఇంకో చోట రామయ్య వి. అయ్యాడు. సత్యనారాయణ ఎస్ నారాయణ్ అయ్యాడు. పొడుగు పేరు గడిలో పట్టక చివరి అక్షరాలు పోయినవాళ్లు ఎందరో. అయితే రికార్డ్స్ ఆఫీసు వెతికేది పేరును పట్టి కాదు, నంబరును పట్టి. అక్కడ మరో మెలిక: హవల్దార్ నాయబ్ సుబేదార్ అయినప్పుడు పాత సైనిక నంబరు పోయి ‘జేసీ’తో మొదలయ్యే కొత్త నంబరు వస్తుంది. సిపాయిగా ఉన్నప్పుడు సంపాదించిన పతకం పాత నంబరు కింద, విరమణ కాగితాలు కొత్త నంబరు కింద ఉండిపోతాయి. అర్జీలో రెండు నంబర్లూ, నంబరు చివర ఉండే అక్షరంతో సహా, పేరు రాసిన అన్ని తీర్లూ పేర్కొంటే నెలల ఆలస్యం తప్పుతుంది. సైన్యం వదిలాక డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో రెండో కొలువు చేసినవారికి మూడో నంబరు కూడా ఉంటుంది. వారి రెండో సర్వీసు కాగితాలు కేరళలోని కన్నూర్‌లో ఉంటాయి.

కాగితాలు ఎక్కడుంటాయన్నది కూడా తికమకే. ఊరిని బట్టి కాదు, కోర్‌ను బట్టి ఉంటాయి. పంజాబ్‌లోని ఈఎంఈ మాజీ హవల్దార్ షీట్ రోల్ సికింద్రాబాద్‌లో ఉంటుంది. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో కవాతు నేర్చుకున్న మెహిదీపట్నం గన్నర్ షీట్ రోల్ నాసిక్ రోడ్‌లో ఉంటుంది. మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకు (ఇంజనీర్ల దళం) బెంగళూరు, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, మెడికల్ కోర్‌కు లక్నో. వాయుసేనకు ఢిల్లీ సుబ్రతో పార్క్, నావికులకు ముంబై మాన్‌ఖుర్ద్. పెన్షన్ ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో వస్తోంది కాబట్టి అక్కడే అన్నీ దిద్దవచ్చని చాలామంది అనుకుంటున్నారు. స్పర్శ్ పెన్షన్ లెక్కకు కావాల్సిన సంగతులు చూస్తుంది. పతకం గడి దిద్దాల్సింది రికార్డ్స్ ఆఫీసే.

ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్లు ఉంటారు, సొంత ఇంట్లోనే. సాహస పతకాలకు నెలనెలా భత్యం ఉంది. సేవా పతకాలకు పైసా రాదు. ఈ ఫైళ్లు బల్ల అడుగున చేరడానికి అదీ ఒక కారణమని అనుకోవచ్చు. పెన్షన్ ఫైలు పక్కన పతకం ఫైలు ఎప్పుడూ చిన్నదే. కానీ ఆ ఒక్క లైను మరో విధంగా పనికొస్తుంది. ఫలానా కాలంలో ఫలానా చోట పనిచేశాడని ప్రభుత్వమే ఒప్పుకున్న రాత అది. సర్వీసు కారణంగా వచ్చిన జబ్బుకు వైకల్య పెన్షన్ అడిగేటప్పుడు ‘మీరు ఎత్తయిన ప్రాంతంలో పనిచేసినట్టు ఆధారం ఏది’ అన్న ప్రశ్నకు హై ఆల్టిట్యూడ్ మెడల్ నమోదు సగం జవాబు. భర్త పోయాక ఆ ప్రశ్నలు ఎదుర్కొనే భార్యకు, ఆయన ఎక్కడెక్కడ తిరిగాడో చెప్పగలిగే కాగితం ఇంకేదీ మిగలకపోవచ్చు.

ఆధారాల దగ్గరికి వద్దాం. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే తక్కువగా చూసేది, అన్నిటికంటే ఎక్కువ మాట్లాడేది పాత ఉత్తరాల కట్ట. నీలిరంగు ఇన్‌లాండ్ కవరు తీసి చూడండి. లోపల ‘ఉభయకుశలోపరి’తో మొదలై, ఇక్కడ చలి బాగా ఉంది, గేదె ఈనిందా, చెల్లెలి పెళ్లికి సెలవు దొరికేలా లేదు అని సాగుతుంది. ఊరి పేరు ఎక్కడా ఉండదు, రాయనివ్వరు. వెనక్కి తిప్పితే పంపినవారి చిరునామా: నంబరు, హోదా, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు). పడమర, ఉత్తర ప్రాంతాల దళాలకు 56 ఏపీఓ, తూర్పు దళాలకు 99 ఏపీఓ. లడఖ్ నుంచి రాజస్థాన్ దాకా అందరికీ అదే చిరునామా కాబట్టి అది ఒక్కటే చోటును తేల్చదు. అసలు విషయం తపాలా ముద్రలో ఉంటుంది. ఆ గుండ్రటి ముద్రలో ఊరి పేరుకు బదులు ఫీల్డ్ పోస్టాఫీసు అంకె, దాని నడుమ తేదీ. ఆ తేదీన ఆ అంకె గల తపాలా కార్యాలయం ఏ దళం వెంట ఉందో సైనిక తపాలా విభాగానికి తెలుసు. ఒక తేదీ, ఒక యూనిట్, ఒక తపాలా అంకె: అర్జీకి కావాల్సిన మూడూ ఒక కవరు మీద దొరుకుతాయి. తపాలా బిళ్ల కోసం ముద్రతో సహా చింపి తీసిన మేనల్లుళ్లను ఏమీ అనలేం.

కాగితాల్లో బలమైనది జీతం లెక్క. ఫీల్డ్ ప్రాంతంలో ఉన్నవారికి అదనపు భత్యాలు ముడతాయి. అవి ఏ నెల మొదలై ఏ నెల ఆగాయో పే అకౌంట్స్ ఆఫీసు పద్దులో ఉంటుంది. పతకం రాయడం మరిచిన యూనిట్ కూడా భత్యం రాయడం మరిచి ఉండదు, జవాను ఊరుకోడు కాబట్టి. ఆ తర్వాత ఆసుపత్రి కాగితాలు, సెలవు పత్రాలు, రైలు వారంటులు. తోటి జవాన్ల ప్రమాణపత్రాలు చాలామంది తెస్తారు. వాటికి విలువ లేకపోలేదు గానీ అవి జ్ఞాపకాలే. అదే తోటి జవాను డిశ్చార్జి బుక్ నకలులో అదే యూనిట్, అవే తేదీలు, ఆ పతకం కనిపిస్తే దాని బరువు వేరు. ఒకే గుడారంలో ఉన్న ఇద్దరిలో ఒకరికి ఉన్నది ఇంకొకరికి ఎందుకు లేదన్న ప్రశ్నకు ఆఫీసు జవాబు వెతకాల్సి వస్తుంది. యూనిట్ల వార్ డైరీలు రక్షణ శాఖ చరిత్ర విభాగంలో ఉంటాయి. అయితే వాటిలో దళం కదలికలు ఉంటాయి, సామాన్య జవాన్ల పేర్లు అరుదు.

అడిగేముందు తన మీద తాను అనుమానపడటం కూడా అవసరమే. రికార్డులో లేని ప్రతి పతకమూ రావాల్సినది కాదు. డివిజన్ జాఫ్నాకు వెళ్లినా, సామాను, కుటుంబాల క్వార్టర్లు చూసుకోవడానికి సికింద్రాబాద్‌లోనే ఉండిపోయిన వెనక బృందం ఉంటుంది. డిశ్చార్జి బుక్‌లో యూనిట్ పేరు ఇద్దరికీ ఒకటే, అర్హత మాత్రం వేరు. హై ఆల్టిట్యూడ్ మెడల్‌కు 9,000 అడుగుల పైన 180 రోజుల లెక్క ఉంది. లేహ్ పదకొండు వేల అడుగులు దాటుతుంది, శ్రీనగర్ అయిదు వేల పైచిలుకే. ‘కశ్మీర్‌లో రెండేళ్లు చేశాను’ అన్నది ఈ పతకానికి ఏమీ చెప్పదు. యూనిట్ ఏ ఊళ్లో ఉంది, తను ఎన్ని రోజులు ఆ ఎత్తులో ఉన్నాడు అన్నది చెప్పాలి. ఈ పరీక్ష ఇంట్లోనే పెట్టుకుంటే ఆఫీసులో పరువు నిలుస్తుంది.

ఇక అడిగే క్రమం. నేరుగా పతకం కోసం అర్జీ పెట్టడం కన్నా ముందు సమాచార హక్కు చట్టం కింద సొంత కాగితాల నకళ్లు తెప్పించుకోవడం మంచిది. పది రూపాయల రుసుము, ముప్పై రోజుల గడువు. అడగాల్సినవి షీట్ రోల్ నకలు, తేదీలతో సహా పోస్టింగుల జాబితా, పతకాలకు సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్లు. ‘నాకు పతకం ఎందుకు ఇవ్వలేదు’ అని ఈ చట్టం కింద అడగకూడదు. అది సమాచారం కాదు, వివరణ. ఆ ఒక్క వాక్యం చూపించి మొత్తం దరఖాస్తును పక్కన పెట్టగలరు. జవాబు అందకపోయినా, సంతృప్తిగా లేకపోయినా ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు.

నకళ్లు చేతికొచ్చాక అసలు అర్జీ. దాన్ని రికార్డ్స్ ఆఫీసుకు నేరుగా పంపవచ్చు, జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా పంపితే ఒక ఆవక జావక నంబరు అదనంగా మిగులుతుంది. తెలంగాణ రాష్ట్రస్థాయి సైనిక సంక్షేమ కార్యాలయం హైదరాబాద్ సోమాజిగూడలో ఉంది. అర్జీ ఒక పేజీ దాటకూడదు. ఏ పతకం లేదా ఏ క్లాస్ప్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ యూనిట్‌లో, ఏ ఆధారంతో. రెండు పతకాలు అడగాలంటే రెండు అర్జీలు పెట్టడమే తెలివైన పని. ఒకటి సులువైనది, ఇంకోటి కష్టమైనది అయినప్పుడు కష్టమైనది తేలేదాకా సులువైనది కూడా ఆగిపోతుంది. ఇంకో మాట: నమోదే కాలేదా, నమోదైంది గానీ లోహం అందలేదా, అందింది గానీ పోయిందా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఈ మూడింటికీ దారులు వేరు. పోయిందంటే పోలీసు ఫిర్యాదు నకలు వంటివి అడుగుతారు. నమోదే కానిదానికి ఆ కాగితంతో పని లేదు.

కొన్నిసార్లు వచ్చే జవాబు ఒక్క ముక్కలో ఉంటుంది: పత్రాలు నాశనం చేశాం. పెన్షన్ లేకుండా వెళ్లిపోయినవారి సర్వీసు పత్రాలను 25 ఏళ్ల తర్వాత తీసేయడం నిబంధనల్లోనే ఉంది. పెన్షనర్లవి అంతకంటే ఎక్కువకాలం ఉంచుతారు. ఆ జవాబుతో ఆగిపోనక్కర్లేదు. పత్రాలు పోయినా లాంగ్ రోల్ అనే రిజిస్టరు ఉంటుంది. మనిషికి ఒక్క వరుసే, కానీ చేరిన తేదీ, వదిలిన తేదీ వంటి ముఖ్యాంశాలు అందులో దొరుకుతాయి. క్యాలెండర్ పతకాలకు ఆ వరుస చాలు.

ఈ విషయంలో అమెరికా అనుభవం చూడదగ్గది. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని సైనిక పత్రాల కేంద్రంలో మంటలు లేచి కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. 1912 నుంచి 1960 మధ్య ఆర్మీని వదిలినవారి కాగితాల్లో 80 శాతం పోయాయి. అప్పటి నుంచి అక్కడివారు పే వోచర్లు, యూనిట్ల రోజువారీ హాజరు నివేదికలు పోగేసి మనిషి సర్వీసును తిరిగి అల్లడం నేర్చుకున్నారు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. 1946కు ముందు అక్కడ ఒక సైనికుడి రికార్డు దిద్దాలంటే కాంగ్రెస్‌లో అతని పేరు మీద బిల్లు పెట్టాల్సి వచ్చేది. ఆ బెడద వదిలించుకోవడానికి ఆ ఏడాది చట్టం చేసి, సైనిక రికార్డులను దిద్దే ప్రత్యేక బోర్డులకు దారి వేశారు. తప్పు కనిపెట్టిన మూడేళ్లలో దరఖాస్తు చేయాలన్న నియమం ఉంది, న్యాయం కోసం దాన్ని సడలించే వీలూ ఉంది. విరమణ పత్రాన్ని చింపి కొత్తది రాయరు. దిద్దుబాటు పత్రం ఒకటి జతచేస్తారు.

మన దగ్గర అలాంటి బోర్డు లేదు. తప్పు రాసిన ఆఫీసే ఆ తప్పు మీద తీర్పు చెబుతుంది. గుమాస్తాలు చెడ్డవాళ్లని కాదు. పాత గుమాస్తా రాయని లైనును కొత్త గుమాస్తా తన సంతకంతో రాయడానికి జంకుతాడు, అది ఎవరికైనా సహజం. ఆ జంకును తీర్చగలిగే మధ్యవర్తి లేకపోవడమే ఈ వ్యవస్థలో అసలు లోటు. రికార్డ్స్ ఆఫీసు కాదన్నాక మిగిలేది 2007 చట్టంతో ఏర్పడి 2009లో పని మొదలుపెట్టిన సాయుధ దళాల ట్రైబ్యునల్. తెలుగు రాష్ట్రాలవారు చెన్నై బెంచి పరిధిలోకి వస్తారు. అర్జీ పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే వెళ్లవచ్చు. తుది జవాబు వచ్చి ఉంటే ఆరు నెలల్లోపు వెళ్లాలి, ఆలస్యానికి సరైన కారణం చూపితే మన్నించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉంది. దాని తీర్పుల మీద హైకోర్టుకు రిట్ వేసే దారి మూసుకుపోలేదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. పైసా రాని పతకం కోసం డెబ్బై అయిదేళ్ల మనిషి చెన్నై రైలెక్కాలా అన్నది వేరే ప్రశ్న. చాలామంది ఎక్కరు. అందుకే మొదటి అర్జీనే గట్టిగా రాసుకోవడం మీద ఇంత పట్టు.

నమోదు అయ్యాక కూడా లోహం వెంటనే రాదు. సేవా పతకాల సరఫరా ఏళ్ల తరబడి వెనకబడి నడిచింది. అందుకే సర్వీసులో ఉన్న జవాన్లు సైతం కవాతు రోజున పెట్టుకోవడానికి నకలు పతకాలు బజారులో కొనుక్కునేవారు. కంటోన్మెంట్ బజార్ల మిలిటరీ దర్జీల దగ్గర వరుసగా కుట్టిన రిబ్బన్ల పట్టీ సిద్ధంగా దొరుకుతుంది, డిశ్చార్జి బుక్ చూపమని అడిగేవారుండరు. కోటు మీద దానికీ అసలుదానికీ తేడా కనిపించదు. తేడా అంచులో ఉంటుంది. ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని పక్కకు తిప్పితే అంచు మీద సన్నటి అక్షరాల్లో నంబరు, హోదా, పేరు, యూనిట్ ఉంటాయి. కొన్నదానికి అంచు నున్నగా ఉంటుంది. పొట్లం అందిన రోజున ముట్టినట్టు సంతకం పెట్టేముందు భూతద్దం తెచ్చుకుని ఆ అంచు చదవాలి. నంబరులో ఒక అంకె, పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా ఆ సంగతి రసీదు మీదే రాసి, ఒక నకలు ప్లాస్టిక్ సంచిలో డిశ్చార్జి బుక్ పక్కన పెట్టుకోవాలి.